‘నేను’ అని రాసినవాడు

రోమ్ గురించి తొమ్మిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఉన్నది పదకొండు పేజీలు. అందులో ఏడుగురు చక్రవర్తులు, మూడు యుద్ధాలు, ఒక మసక పటం, చివర ఖాళీలు పూరించే ప్రశ్నలు. చరిత్ర మాస్టారు ఆ పదకొండు పేజీలనూ రెండు పీరియడ్లలో చుట్టబెట్టేసి, మిగిలిన మూడు వారాలూ జిరాక్సు కాగితాలతో గడిపేవాడు. సమాధిరాళ్ల మీద చెక్కిన మాటలు, గోడల మీద ఎవరో గీకిపోయిన తిట్లు, ఎప్పటివో కొనుగోలు చీటీలు. కాగితం చేతికిచ్చి, గంట మోగేదాకా పిల్లల్ని ప్రశ్నలతో వేపుకు తినేవాడు. ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? ఎందుకు రాశారు? ఇందులో మాట్లాడకుండా ఉండిపోయింది ఎవరు? పిల్లలు ఆయనకు ‘ఆధారం మాస్టారు’ అని పేరు పెట్టారు. బయట వాన పడుతోందన్నా ఆధారం అడుగుతాడని, కూరలో ఉప్పు ఎక్కువైందని భార్య అంటే దానికీ ఆధారం అడుగుతాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ సోమవారం పంచిన కాగితం మీద ఒక గుండ్రటి కంచు బిళ్ల బొమ్మ ఉంది. పదహారు వందల ఏళ్ల కిందటిది. బానిస మెడకు బిగించే ఇనుప పట్టీకి తగిలించి ఉండేది. దాని మీద చెక్కిన మాటల్ని మాస్టారే తెలుగులోకి మార్చి బొమ్మ కింద రాశాడు: ‘నేను పారిపోయాను. నన్ను పట్టుకో. యజమానికి అప్పగిస్తే బహుమానం దొరుకుతుంది.’

ముందు బెంచీలో ఒకడు తన మెడ చుట్టూ చేయి పెట్టి చూసుకున్నాడు. మాస్టారు బల్లల మధ్య నడుస్తూ ఎవరు రాశారని అడిగాడు. బానిస అన్నారు కొందరు, ‘నేను’ అని ఉంది కదా అని. యజమాని అన్నారు ఇంకొందరు. కిటికీ పక్కన కూచునే అమ్మాయి చేయెత్తింది. ఏ విషయమైనా తేలేదాకా వదలదని తోటిపిల్లలు ఆమెను ‘లాయరు’ అంటారు. ఇంట్లో వాళ్ల నాన్న కూడా అలాగే పిలుస్తాడట.

“సార్, రాసినవాడు వేరు, మోసినవాడు వేరు. మరి ‘నేను’ అని ఎందుకు రాశాడు? ‘ఇతను పారిపోయాడు’ అని రాయొచ్చుగా?”

మాస్టారుకి ప్రాణం లేచొచ్చింది. పన్నెండేళ్లుగా ఆ కాగితం పంచుతున్నా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దానికి జవాబు చెప్పకుండా ఇంటిపని ఇచ్చాడు. మన చుట్టూ కనబడే రాతల్లో ‘నేను’ అని ఉండి, ఆ ‘నేను’ రాయనివి వెతికి రాసుకురమ్మన్నాడు.

మంగళవారం తరగతి సంతలా ఉంది. ఒకరు చెత్తబుట్ట మీది ‘నన్ను వాడండి’ని తెచ్చారు. ఒకరు తమ ఇంట్లో పసిపిల్ల చొక్కా మీద ఉండే ‘నేను అమ్మ కూచిని’ని తెచ్చారు. ఆ పిల్లకు ఇంకా మాటలే రాలేదనేసరికి అందరూ పగలబడి నవ్వారు. బడిలో చేరేటప్పుడు నింపే ఫారంలో ‘నేను అన్ని నియమాలూ చదివి అంగీకరించాను’ అని ముందే అచ్చువేసి ఉంటుందని ఇంకొకరు చెప్పారు. మాస్టారు అన్నిటినీ బోర్డు మీద ఎక్కిస్తూ, సుద్దముక్క అరిగిపోయి వేలిగోరు బోర్డుకు గీసుకుంటున్నా పట్టించుకోలేదు.

లాయరు చివరగా లేచి, నోట్‌బుక్ తెరిచి చదివింది.

“పని వేళల్లో నేను గేటు బయట కనిపిస్తే దయచేసి ఈ నంబరుకు తెలియజేయండి. ధన్యవాదాలు.”

ఎక్కడిదని ఎవరో అడిగారు. ఆయమ్మ మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల వెనకవైపు ఉందని చెప్పింది లాయరు. మూడో అంతస్తు ఊడ్చి తుడిచే ఆయమ్మ చేతులు కడుక్కుంటూ బిళ్ల తీసి కొళాయి దగ్గర మేకుకు తగిలించిందట. అప్పుడు తిప్పి చదివిందట. ముందువైపు పేరు కూడా లేదని, ‘శుభ్రత విభాగం – 3’ అని మాత్రమే ఉందని చెప్పింది. బడిలో ఊడ్చేవాళ్లు నలుగురికీ అవే బిళ్లలు. టీచర్లకూ ఆఫీసువాళ్లకూ ఉన్న బిళ్లల వెనక ఏమీ లేదు. అది కూడా చూసే వచ్చానంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు రోజు మెడ తడుముకున్న కుర్రాడు మెల్లిగా, “ఎవరు రాశారు సార్ అది?” అన్నాడు.

మాస్టారు బోర్డు వైపు తిరిగి ఆ వాక్యాన్ని రాయబోయాడు. చెయ్యి ‘పని వేళల్లో’ దగ్గరే ఆగిపోయింది. ‘దయచేసి’ తనది. ‘ధన్యవాదాలు’ తనది. ‘నేను’ కూడా తనదే. ఆరు వారాల కిందట ఆఫీసు గుమాస్తా స్టాఫ్ రూములోకి ఒక చీటీ పట్టుకొచ్చాడు. ‘డ్యూటీ టైంలో ఈ వర్కర్ బయట కనబడిన ఫోన్ చేయవలెను’ అని ఉంది దాని మీద. ప్రిన్సిపల్ మేడమ్ కాస్త మాట సరిచేసి ఇవ్వమన్నారు, మీకైతే భాష మీద పట్టుంది అన్నాడు. మాస్టారు పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతోనే ‘ఈ వర్కర్’ కొట్టేశాడు. మరీ మొరటుగా ఉంది, మనిషిని వస్తువులా అంటారేమిటి అని గుమాస్తాను కోప్పడ్డాడు కూడా. గుమాస్తా కొత్త వాక్యాన్ని వేరే కాగితం మీదికి ఎక్కించుకుని చీటీ అక్కడే వదిలేసి పోతే, దాన్ని డైరీలో దోపి మళ్లీ పేపర్ల మీద పడ్డాడు.

“ఎవరు రాసుంటారో మీరే ఆలోచించండి,” అన్నాడు బోర్డుకేసే చూస్తూ. మేనేజ్‌మెంట్ అని పది గొంతులు వినబడ్డాయి. ఆయన కాదనలేదు. గంట మోగింది. గంట మోగినందుకు ఆయన సంతోషించడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

మధ్యాహ్నమంతా ఆయనకు ఒకచోట కాలు నిలవలేదు. స్టాఫ్ రూములో కూచుని లేచాడు, మంచినీళ్లకని వెళ్లి తాగకుండానే వచ్చాడు, దిద్దిన పేపరే మళ్లీ దిద్దాడు. పాత చీటీ ఇంకా ఉందేమోనని డైరీ తిరగేశాడు. ఉంది. పేజీల మధ్య నలక్కుండా దాక్కుని ఉంది. పారేస్తే పోయేదే. పారేయకుండా మళ్లీ డైరీలోనే పెట్టాడు.

బుధవారం పొద్దున్న ఆయన వచ్చేసరికి మెట్ల కింది నోటీసు బోర్డు ముందు పిల్లలు గుంపుకట్టి ఉన్నారు. ఒక పెద్ద కాగితం మీద ఎడమవైపు కంచు బిళ్ల, కుడివైపు ఆయమ్మ బిళ్ల. రెండూ రంగు పెన్సిళ్లతో చక్కగా వేసి ఉన్నాయి. మధ్యలో ఒకే ప్రశ్న: ‘తేడా ఏమిటి?’ ఆ దస్తూరీ లాయరుది. రెండో పీరియడు కల్లా ఆ కాగితం ప్రిన్సిపల్ మేడమ్ బల్ల మీదికి చేరింది. మూడో పీరియడులో మాస్టారుకి కబురొచ్చింది.

ప్రిన్సిపల్ మేడమ్ గొంతు పెంచే మనిషి కాదు. ఎదర కుర్చీ చూపించింది. పని మధ్యలో ఊడ్చేవాళ్లు కనబడకుండా పోతున్నారని తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులొచ్చాయని, అందుకే బిళ్లలు చేయించామని, అందులో తప్పేముందో తనకు అర్థం కావడం లేదని చెప్పింది. పాఠం బాగానే చెబుతున్నారు, కానీ పాఠం తరగతి దాటి మెట్ల కిందికి రాకూడదు కదా అంది. ఆ వాక్యం మీరే సరిదిద్దారని ఆవిడ గుర్తుచేస్తుందేమోనని మాస్టారు చూశాడు. ఆవిడకు ఆ సంగతి గుర్తే లేదు. గుమాస్తాకు చెప్పింది, గుమాస్తా చూసుకున్నాడు, అంతే.

“ఆ అమ్మాయి ఒక క్షమాపణ కాగితం ఇస్తే ఫైల్లో పెట్టేస్తాను. అంతటితో అయిపోతుంది. లేదంటే వాళ్ల నాన్నను పిలిపించాలి, నాకూ ఇష్టం లేదు,” అంది. “చిన్నపిల్ల, తనేం రాస్తుంది. మీరే రాసి సంతకం చేయించండి. మీ మాటపొందిక ఇంకెవరికీ రాదు.”

సరేనన్నాడు మాస్టారు. అలా అనేశాక తలుపు దాకా వెళ్లి ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు చూసింది. ఏమీ లేదని తలూపి బయటికొచ్చేశాడు.

కాగితం రాయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ‘నేను తొమ్మిదో తరగతి విద్యార్థినిని. తొందరపాటుతో, పెద్దల ఉద్దేశాన్ని సరిగా అర్థం చేసుకోకుండా’ అంటూ మాటలు వాటంతటవే వరసలో వచ్చి నిలబడ్డాయి. ఒక్క కొట్టివేత కూడా లేదు. చదువుకుంటే నిజంగా పధ్నాలుగేళ్ల పిల్ల రాసినట్టే ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

మూడో అంతస్తు మెట్ల మీద ఆయమ్మ తడిగుడ్డ కర్రతో తుడుస్తోంది. పై మెట్టు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి దిగుతూ, ఒక్కో మెట్టుకూ మూలల్లో రెండుసార్లు, మధ్యలో ఒకసారి. మాస్టారు కింద నిలబడ్డాడు.

“మీతో ఒక మాట,” అన్నాడు.

ఆమె కర్ర ఆపి, పైనా కిందా చూసింది. మెట్ల మీద ఇంకెవరూ లేరు.

“నన్నేనా సార్? ఏంటి, కొత్తగా మీరంటున్నారు? పనిలోంచి తీసేస్తున్నారా?”

కాదు కాదని ఆయన కంగారుపడ్డాడు. బోర్డు మీది కాగితం గురించి ఎత్తాడు. పిల్లలు మంచి ఉద్దేశంతోనే పెట్టారని, తమరేమీ అనుకోవద్దని ఏదో అనబోయాడు. ఆమె తడిగుడ్డను బకెట్లో ముంచి, రెండు చేతులతో మెలితిప్పి పిండింది.

“ఏ ఉద్దేశమైతేనేం సార్. బడంతా చూసేలా నన్ను బానిసన్నారు. మా అక్క మనవరాలు ఇక్కడే రెండో తరగతి. ఇంటర్వెల్లులో పరిగెత్తుకొచ్చి, ‘చిన్నమ్మమ్మా, బానిసంటే ఏంటి, నువ్వేనంట కదా’ అని అడిగింది. ఏం చెప్పమంటారు దానికి? నేను జీతానికి పనిచేస్తున్నా. నచ్చకపోతే రేపే మానేసి పోతా. మెడకు ఇనుము బిగించినవాడి సంగతి వేరు, నా సంగతి వేరు. అంత చదువుకునే పిల్లలకు ఆ మాత్రం తేడా తెలీదా?”

మాస్టారు తరగతి అడిగిన ప్రశ్నకు జవాబు ఈమె దగ్గర ఉంది. ఈమెను మాత్రం ఎవరూ అడగలేదు.

“అలాగని బిళ్ల మంచిదనీ అనడం లేదు,” అంది ఆమె ఒక మెట్టు దిగి. “పదకొండింటికి నాకు పావుగంట టీ టైము. అప్పుడు బయటికెళ్తే మూలనున్న మందుల షాపతను నా మెడలోది చదివి ఫోన్ కొట్టాడు. ఆఫీసులో నిలబెట్టి ఎక్కడికెళ్లావు, ఎందుకెళ్లావు అని ఒకటే అడగడం. తర్వాత ఆ షాపతన్ని నిలదీశా. ‘ఏం చెయ్యనమ్మా, దయచేసి అని రాసుంది, చెయ్యకపోతే బాగోదు’ అన్నాడు.”

“అది రాసింది నేనే,” అన్నాడు మాస్టారు.

“ఏది?”

“ఆ వాక్యం. దయచేసి అన్నది కూడా.”

ఆమె ఆయన వంక చాలాసేపు చూసింది. కోపం కాదు. నల్లగా ఎప్పటికీ పోని మరక ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లకు తెలిసినట్టుగా చూసింది.

“అయితే మీరే తీయించండి,” అంది. “ఇంకోటి రాయొద్దు. నా గురించి బాగా రాసే పనేమీ పెట్టుకోవద్దు. తీసేస్తే చాలు.” కర్ర అందుకుని, ఆయన నిలబడ్డ మెట్టు దాకా తుడుచుకుంటూ వచ్చి ఆగింది. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో ఆయన హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే భార్య కాసేపు చూసి, చూసి, ఇస్త్రీ పెట్టె ఆపేసింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. జరిగిందంతా చెప్పాడు. జేబులోని కాగితం తీసి చూపించాడు. ఆమె చదివి, బాగా రాశారంది. మెచ్చుకుంటోందో ఎత్తిపొడుస్తోందో ఆయనకు తెలియలేదు.

“మా దగ్గర ఎవరు రక్తం తీస్తే వాళ్లే గొట్టం మీద పొట్టి సంతకం పెట్టాలి. తేడా వస్తే ఎవరి చెయ్యో తెలియాలిగా,” అంది. “మీరు దాన్ని ఏమంటారో నాకు తెలీదు. ఆధారమనేనా?”

ఉద్యోగానికి ఎసరొస్తుందేమో అన్నాడాయన. రాదు అంది. వచ్చినా రోజూ ఈ మొహం చూడటం కన్నా నయమేనంటూ, చల్లారిపోతున్న ఇస్త్రీ పెట్టె మళ్లీ అందుకుంది.

గురువారం ఆయన జిరాక్సులు తేలేదు. డైరీలోని చీటీ తీసి ముందు బెంచీకిచ్చాడు. చేతులు మారుస్తూ అందరూ చూడమన్నాడు. ఎవరు రాశారు, ఎవరి కోసం, ఎందుకు. చీటీ బెంచీలు దాటుతున్నకొద్దీ గుసగుసలు తగ్గిపోతూ వచ్చాయి. గుమాస్తా రాసిన మొరటు వాక్యం మీద ఎర్ర గీత. దాని పైన ఒత్తుగా, కుడివైపుకు ఒరిగిన అక్షరాలు. ఆ అక్షరాల్ని వాళ్లు రోజూ తమ నోట్‌బుక్కుల అంచుల్లో చూస్తూనే ఉంటారు. చీటీ చివరికి లాయరు దగ్గరకొచ్చింది.

ఆమె దాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

“మొన్న మేనేజ్‌మెంట్ అంటే మీరు ఊరుకున్నారు,” అంది.

“ఊరుకున్నాను.”

“ఎందుకు రాశారు సార్?”

ఆయన చాలా జవాబులు అనుకుని వచ్చాడు. అవన్నీ పక్కనపెట్టాడు. అడిగారు కాబట్టి రాశానన్నాడు. మొరటుగా ఉందని సరిదిద్దానని, బాగుచేశాననే అనుకున్నానని చెప్పాడు. చెబుతుంటే తనకే అది పాఠ్యపుస్తకం జవాబులా వినబడింది.

“ఆయమ్మను అడిగారా, ‘నేను’ అని రాసేముందు?”

“లేదు,” అన్నాడు. ఆమెకేసి తిరిగి, “నువ్వడిగావా? కాగితం బోర్డు మీద పెట్టేముందు?” అన్నాడు.

లాయరు ముఖం చెవుల దాకా ఎర్రబడింది. మెట్ల మీద ఆయమ్మ అన్న మాటల్ని మాస్టారు ఉన్నవున్నట్టు చెప్పాడు, రెండో తరగతి మనవరాలు అడిగిన ప్రశ్నతో సహా. ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ తర్వాత జేబులోని కాగితం మడతలు విప్పి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. ఇది నీ తరఫున నేను రాసింది, సంతకం చెయ్యనక్కర్లేదు, చూపించాలి కాబట్టి చూపిస్తున్నానన్నాడు.

ఆమె రెండుసార్లు చదివింది.

“సార్, ఇందులో నేను చెయ్యని తప్పుకు క్షమాపణ ఉంది,” అంది. “చేసినదానికి లేదు.”

విరామంలో ఆ అమ్మాయి ఒంటరిగా కొళాయిల వైపు వెళ్లడం ఆయన వరండా ఈ చివర నుంచి చూశాడు. ఆయమ్మ బకెట్ దించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వింది. తర్వాత ఏదో అంది. అమ్మాయి తలూపింది. ఇంకేదో అంటే ఈసారి అడ్డంగా ఊపింది. అవేం మాటలో తెలుసుకోవాలని మాస్టారుకి ప్రాణం పీకింది. అయినా తర్వాత ఎవరినీ అడగలేదు.

ప్రిన్సిపల్ మేడమ్‌కి ఆయన ఇచ్చిన కాగితం నాలుగు వరసలు. దాన్ని రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది, ఎన్ని కొట్టివేతలో లెక్కలేదు. బిళ్ల వెనక వాక్యం తనదని, అడగాల్సినవాళ్లను అడగకుండా రాశానని, అది తప్పని, దాన్ని తీసేయాలని. అమ్మాయి తరఫున కాగితం రాయలేనని. చివర పేరు రాసి సంతకం చేశాడు. ఆవిడ చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“దీన్ని నేనిప్పుడు ఏ ఫైల్లో పెట్టుకోవాలి?” అంది. నిజంగానే తెలియక అడిగినట్టుంది. మాస్టారుకీ తెలియలేదు.

శుక్రవారం ఏమీ జరగలేదు. శనివారమూ జరగలేదు. మాస్టారు జవాబు కోసం తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తాడు. సోమవారం గుమాస్తా ఊడ్చేవాళ్ల బిళ్లలు నాలుగూ వసూలు చేసి, వెనకవైపు తెల్లటి అట్టముక్కలు అంటించి తిరిగిచ్చాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. లాయరు నాన్నను పిలిపించలేదు. అదే రోజు కొత్త టైంటేబుల్ అతికించారు. తొమ్మిదో తరగతి చరిత్ర పాఠాలు భూగోళం టీచరుకు పోయాయి. మాస్టారుకి ఏడాది చివరిదాకా ఆరో తరగతి, కింది అంతస్తు. పని ఒత్తిడి తగ్గించడానికని కింద రాసి ఉంది.

ఆయనకు కష్టంగానే అనిపించింది. చేసింది సరైన పని కాబట్టి మనసు తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. పన్నెండేళ్లుగా పోగేసిన జిరాక్సుల కట్టను భూగోళం టీచరుకు ఇవ్వబోతే, నాకెందుకు మాస్టారూ, ఆ పదకొండు పేజీలు చాలు అందావిడ. కట్ట మళ్లీ బీరువాలోకే పోయింది. మెట్ల దగ్గర లాయరు ఎదురుపడి నమస్కారం పెట్టింది. ఏదో అనబోయి, వెనక వచ్చే పిల్లల తోపులాటలో పైకి వెళ్లిపోయింది.

ఆరో తరగతి గది కిటికీ గేటు వైపు ఉంటుంది. బుధవారం మూడో పీరియడులో పిల్లలు పటంలో నదులకు నీలం రంగు వేసుకుంటున్నారు. నాలుకలు బయటపెట్టి, పెన్సిళ్లు గట్టిగా ఒత్తుతూ వేస్తున్నారు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉండగా ఆయమ్మ మెట్లు దిగి వచ్చింది. కొంగు సర్దుకుంది. వాచ్‌మన్‌తో ఏదో అంటే అతను నవ్వి చిన్న గేటు తీశాడు. ఆమె తొందరేమీ లేకుండా బయటికి నడిచి, మందుల షాపు ముందుగా మూల మలుపు తిరిగింది. షాపతను తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. మెడలో బిళ్ల ఊగుతోంది. ఎక్కడికి వెళ్తోందో ఇక్కడి నుంచి కనబడదు.

ఒక పిల్ల వచ్చి పటం చూపించింది. నది రంగు తీరం దాటి సముద్రంలోకి పోయిందని ఆయన చూపించాడు. ఇంకొకడికి పెన్సిల్ చెక్కిచ్చాడు. మళ్లీ కిటికీ దగ్గరికొచ్చేసరికి ఆయమ్మ తిరిగి వస్తోంది. ఖాళీ చేతులు. దారిలో ఎవరో చెప్పిన మాటకు కాబోలు, ఇంకా నవ్వుకుంటూనే ఉంది.

పదకొండూ ఇరవై. ఐదు నిమిషాలు ఆలస్యం.

అప్పుడు తెలిసింది ఆయనకు, తన చెయ్యి దానంతటదే పైకి లేచిందని, కళ్లు చేతి గడియారం మీదికి పోయాయని. ఎవరూ అడగలేదు. ఏ బిళ్ల మీది వాక్యమూ చెప్పలేదు. ఆయన చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కుని గుండీ పెట్టాడు.

“ఏం చూస్తున్నారు సార్?” అంది పటం పిల్ల.

“ఏమీ లేదు,” అని కిటికీకి వీపు పెట్టి, ఆ పిల్ల పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూచున్నాడు. “ఏదీ, సముద్రంలోకి పోయిన రంగు చెరిపావా?”